అదోబో కలిపిన చెయ్యి

ఓవెన్‌లో వెల్లుల్లి మాడుతున్న సంగతి ఎనేయిదాకు తెలియలేదు. చేతికందే దూరంలోనే నిలబడి చెక్కరోట్లో మిరియాలు దంచుతోంది. పెరట్లోంచి ఆరిన బట్టలు తెస్తున్న మరదలు అవిల్డా గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, బుట్ట అక్కడే పడేసి, గబగబా వచ్చి ఓవెన్ తలుపు లాగింది. పొగ ఇద్దరి మొహాలకీ కొట్టింది. ఎనేయిదాకు కళ్ళు మండాయి. అంతకుమించి ఏమీ తెలియలేదు.

ట్రేలో సన్నగా తరిగి పరిచిన ముక్కలన్నీ నల్లబడి వంకర్లు తిరిగిపోయాయి. సన్నటి సెగమీద పొద్దుటినుంచి ఆరుతూ, రంగు మారకుండా గలగలలాడాల్సినవి. వేడి ఎప్పుడు పెంచిందో ఆమెకే గుర్తులేదు.

"కావాలనే ఎర్రగా వేయించాను," అంది ఎనేయిదా. "ఈసారి కొత్తరకంగా చేద్దామని."

అవిల్డా ట్రే వంక చూసింది. తర్వాత ఆమె వంక చూసింది. కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి, పడిపోయిన చొక్కాలు ఏరుకుని తన వెనకగదిలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి ఆమె కుట్టుమిషను చప్పుడు మొదలైంది.

ఎనేయిదా ఆ ముక్కల్ని చెత్తబుట్టలో వెయ్యలేదు. భర్త విడాల్ చూస్తాడని పెరటి చివర అరటి మొక్కల మొదట్లో గుంట తీసి పూడ్చింది. చేతులు కడుక్కుని, సబ్బు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. వాము ఆకు తుంచి వేళ్ళమధ్య నలిపి పీల్చింది. ఏమీ లేదు. కాఫీ డబ్బా మూత తీసి మొహం మొత్తం అందులో పెట్టింది. లోపలి చీకటి తప్ప ఏమీ లేదు. మార్చిలో జ్వరం వచ్చి తగ్గినప్పుడు కాఫీ వేడినీళ్ళలా ఉంటే అది జ్వరం నోరనుకుంది. ఇప్పుడు అక్టోబరు.

ఆదివారం అక్క ఇవెలిస్ మనవరాలికి బాప్తిస్మం. చర్చి కొండ దిగువన ఊళ్ళో. భోజనాలు మాత్రం ఎనేయిదా ఇంట్లో. ఏ శుభకార్యమైనా ఈ ఇంట్లోనే. ఎనేయిదా పొడి కొట్టి, ఆ పొడితో పంది తొడ నానబెట్టి కాలిస్తే తప్ప ఆ కుటుంబానికి పండగ తిన్నట్టుండదు. వెల్లుల్లి, ఉల్లి, మిరియాలు, వాము ఆకు, జీలకర్ర, ధనియాలు, పసుపు, ఎర్రరంగునిచ్చే జాఫ్రా గింజలు, ఉప్పు. ఈ పొడిని పోర్టోరికోలో అందరూ అదోబో అనే పిలుస్తారు, అందరి ఇళ్ళలోనూ ఉంటుంది. కానీ వెళ్ళేటప్పుడు ప్రతి ఇంటివాళ్ళూ ఆమె చేత్తో నింపిన సీసా ఒకటి పట్టుకెళ్ళాల్సిందే. ఈసారి కూడా ఖాళీ సీసాలు కడిగి గుడ్డమీద బోర్లించి ఉన్నాయి. వాటిని చూస్తుంటే ఆమెకు నిలబడబుద్ధి కాలేదు, కూర్చోబుద్ధి కాలేదు.

విడాల్ పురపాలక నీళ్ళబండి నడిపి సాయంత్రం ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చి, ఏం మాడిందని అడిగాడు. పక్కింటివాళ్ళు చెత్త తగలబెట్టారని చెప్పింది. అతను సరేనని బూట్లు విప్పుకున్నాడు. నమ్మాడో లేదో ఆమె తిరిగి చూడలేదు.

శుక్రవారం పొద్దున్నే మళ్ళీ వెల్లుల్లి వలిచింది. ఈసారి ఓవెన్ ముందునుంచి కదలలేదు. తలుపు తీసి చూడడం, ముక్క తీసి విరవడం, మళ్ళీ మూయడం. వెల్లుల్లి, ఉల్లి ఎలాగో ఒడ్డున పడ్డాయి. వాటిని కళ్ళు, వేళ్ళు పట్టుకోగలవు. జీలకర్ర, ధనియాలు వేయించడం అలా కాదు. ఇనప పెనంమీద గింజ రంగు మారకముందే వాసన మారుతుంది. ఆ మారే క్షణాన దించాలి. దాటితే చేదు, ముందే దించితే పచ్చి.

పెనం పొయ్యిమీద పెట్టి, గింజలు గుప్పిట్లో పట్టుకుని, వెయ్యలేక నిలబడింది. తర్వాత వెనకగది వైపు గొంతెత్తి పిలిచింది.

అవిల్డా మెడలో కొలతల టేపుతోనే వచ్చింది. బళ్ళో పిల్లల యూనిఫాంలు కుడుతుంది ఆమె. భర్త నోయెల్, ఎనేయిదా తమ్ముడు, పోయాక ఈ ఇంటికొచ్చింది. వచ్చిన కొత్తలో ఒకసారి అన్నం వండింది. ఆ తర్వాత ఆమెకు ఈ వంటింట్లో పనంటే అంట్లు తోమడమే.

"ఎన్నేళ్ళైనా నీకు చెయ్యి తిరగలేదు," అంది ఎనేయిదా. "ఇవాళ నేర్పుతాను. నువ్వు వేయించు. ఎప్పుడు దించాలో నువ్వే చెప్పు. నీ ముక్కు ఏపాటిదో చూద్దాం."

అవిల్డా టేపు తీసి కుర్చీకి తగిలించింది. చేతులు కడుక్కుంది. గింజలు పెనంమీద పోసి, గరిటె పెట్టకుండా, పిడి పట్టుకుని పెనాన్నే మెల్లగా అటూ ఇటూ ఆడించడం మొదలుపెట్టింది. ఎనేయిదాకు చిరాకేసింది. తాను గరిటెతో కలుపుతుంది.  పొయ్యి వెనక గోడ చూస్తూ నిలబడింది. గింజలు ఇనుముమీద జారుతున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"అయింది," అంది అవిల్డా, పెనం పక్కకు లాగుతూ.

గింజల రంగు ఎనేయిదా కంటికి మారినట్టు లేదు. "అప్పుడేనా?"

"అయింది వదినా."

ఎనేయిదా వంగి, బాగా గాలి పీల్చి, తల పంకించింది. ఫరవాలేదంది. అవిల్డా ఆమె తల పంకించడం చూసి, చూపు తిప్పుకుని, గింజల్ని చల్లారడానికి కాగితం మీద పరిచింది.

ఆ మధ్యాహ్నమంతా అలాగే గడిచింది. జాఫ్రా గింజలు రాళ్ళలా ఉంటాయి. కాఫీ మిల్లులో పోసి తిప్పుతుంటే ఇల్లదిరింది, అవిల్డా వేళ్ళు గోళ్ళదాకా ఎర్రబడ్డాయి. మిరియాలు బరకగా ఉండాలని, వాము ఆకు మాత్రం మిల్లులో వెయ్యకుండా అరచేతుల మధ్యే నలపాలని ఎనేయిదా చెబుతూ వచ్చింది. అన్నీ పెద్ద గిన్నెలో పోసి అవిల్డా చేత్తో కలిపింది. ఉప్పు మాత్రం ఎనేయిదా తానే వేసింది. వేలితో అద్ది నాలుకమీద పెట్టుకుంది. ఉప్పు తెలిసింది. మిరియం చురుక్కుమంది. నాలుకకు మిగిలినవి ఆ రెండూ, పులుపూ, తీపీ. వాటివెనక ఉండాల్సిన మిగతాదంతా ఎవరో గోడ కట్టి మూసేసినట్టుంది.

"ఇంకాస్త వాము ఆకు పడుతుందేమో," అంది అవిల్డా.

"నేను చెప్పానా?"

అవిల్డా గిన్నెలో చెయ్యి తిప్పుతూనే ఉంది. కానీ కొంతసేపటికి ఎనేయిదా తానే లేచి ఆకు డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టింది, పెట్టి కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడింది.

ఆ రాత్రి ఆమెకు సరిగా నిద్ర పట్టలేదు. శనివారం తెల్లారగానే లేచి వంటింటికి వెళ్ళేసరికి అవిల్డా అప్పటికే అక్కడుంది. పొయ్యి ముందు వంగి, మీటలన్నీ ఒక్కొక్కటే తడుముతోంది. అటుపిమ్మట పెరటి తలుపు తీసుకుని బయటికెళ్ళి గ్యాసు సిలిండరు దగ్గర మోకాళ్ళమీద కూర్చుంది. కొన్ని నెలలుగా ఈమె ఇలా వేళకాని వేళ వంటింట్లో తచ్చాడుతుండడం ఎనేయిదా చూస్తూనే ఉంది. తన పొయ్యిమీద ఈమెకు కన్నుపడిందనే అనుకుంటూ వచ్చింది. నిన్న కాస్త చనువిచ్చేసరికి పొద్దున్నే తయారైందనుకుంది.

"ఏం వెతుకుతున్నావ్ నా వంటింట్లో?"

అవిల్డా ఉలిక్కిపడలేదు. లేచి మోకాళ్ళు దులుపుకుంది.

"ఎండాకాలంలో ఒకరోజు పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది వదినా. గ్యాసు వస్తూనే ఉంది. ఇల్లంతా కంపు. మీరు దాని పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరుగుతున్నారు. పాట కూడా పాడుకుంటున్నారు. నేనొచ్చి కట్టేశాను, మీరు చూడలేదు. అప్పట్నుంచీ రోజూ చూస్తున్నా."

ఎనేయిదా గుమ్మానికి ఆనుకుంది. పక్కింటి కోళ్ళు అరుస్తున్నాయి. కొండమీద మంచు ఇంకా విడలేదు.

"ఎవరికి చెప్పావ్?"

"చెప్పాలనుంటే ఈపాటికి చెప్పేదాన్ని."

"మరి నీకేం కావాలి?"

ఆ మాటకి మాత్రం అవిల్డా మొహం మారింది. చెంప మీద కొట్టినట్టు కాదు, చాలా రోజులుగా నడుస్తున్నవాళ్ళు ఇంకా దూరముందని విన్నట్టు. "మాంసం బయటపెట్టాలి," అంది. "చల్లగా ఉంటే మసాలా పట్టదు."

పంది తొడను బల్లమీద పెట్టి, సన్నకత్తితో లోతుగా గాట్లు పెట్టారు. అవిల్డా పొడిలో నూనె, దంచిన పచ్చివెల్లుల్లి, కాస్త వెనిగరు కలిపి ముద్ద చేసింది. ప్రతి గాటులోకీ వేలు మొత్తం దిగేలా కూరుతూ, తోలెత్తి అడుగున కూడా రుద్దుతూ, ఏ మూలా వదలకుండా పనిచేసింది. ఎనేయిదా మాంసం తిప్పి పట్టుకుంది.  తెలిసిపోయిందన్న తేలికేమీ ఎనేయిదాకు కలగలేదు. తన రహస్యం ఇంకొకరి కడుపులో ఇన్నాళ్ళుగా కూర్చుని ఉందని తెలిసి ఇంకా అస్థిమితంగా ఉంది. అరిచి సాధించినా, అంట్లు మళ్ళీ తోమించినా, ఎగతాళి చేసినా ఈమె చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అర్థంకాక ఆమె చేతులవంకే చూస్తూండిపోయింది.

ఇవెలిస్ కేకు డబ్బాలు దించడానికి వచ్చింది అప్పుడే. పెద్దకొడుకు రాదామెస్ కారు తోలుకొచ్చాడు. పాపకు తండ్రి అతనే. ఇవెలిస్ వంటింట్లోకి తొంగిచూసి ఆగిపోయింది.

"దీన్నెందుకు ముట్టుకోనిచ్చావే?" అంది చెల్లెలితో, అవిల్డా అక్కడ లేనట్టే. "సాన్ హువాన్ నుంచి వియ్యాలవారొస్తున్నారు రేపు."

ఎనేయిదా నోరు దానంతటదే తెరుచుకుంది. "పొడి నాదే అక్కా. అది ఊరికే రుద్దుతోంది, అంతే. నాకు భుజం నొప్పిగా ఉంది."

అవిల్డా వేళ్ళు ఆగలేదు. ఎముక పక్కనున్న గాటులోకి ముద్ద కూరి, బొటనవేలితో నొక్కి, పైన తోలు కప్పింది. ఇవెలిస్ తృప్తిపడి, కేకు ఎక్కడ పెట్టాలో, కుర్చీలు ఎన్ని తేవాలో చెప్పి వెళ్ళిపోయింది. కారు మలుపు తిరిగేదాకా ఎనేయిదా కిటికీలోంచి చూసింది. తిరిగేసరికి అవిల్డా మాంసాన్ని మూతపెట్టి ఫ్రిజ్‌లో సర్ది, బల్ల తుడుస్తోంది. 

ఆదివారం అందరూ చర్చికి వెళ్ళారు. మాంసం కాలుతోంది గనక ఎవరో ఒకరు ఉండాలి. ఎవరుండాలో ఎవరూ అడగలేదు. అవిల్డా ఇస్త్రీ చేసుకున్న నీలంరంగు గౌను మళ్ళీ హ్యాంగరుకు తగిలించి, పాత గౌనుతోనే ఓవెన్ ముందు కుర్చీ వేసుకుంది. చర్చిలో పాప నెత్తిన నీళ్ళు పోస్తున్నప్పుడు కూడా ఎనేయిదాకు మనసు మనసులో లేదు. ఇంటిదగ్గర అవిల్డా ఏం చేస్తోందో, తోలు పొంగిందో లేదో, మసాలా నిజంగా ఎలా ఉందో. అవిల్డా కావాలనే పాడుచేసి ఉంటే? ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకే సిగ్గేసింది, కానీ పోలేదు.

వరండాలో రేకుల కప్పు కింద బల్లలు కలిపి వేశారు. పలచగా వాన మొదలైంది. తొడ కోస్తుంటే తోలు పటపటమని విరిగింది. కందులు వేసి వండిన అన్నం, వేయించిన అరటికాయ, ఉడికిన దుంపలు. మొదటి ముద్దకే బల్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. వియ్యపురాలు కళ్ళు మూసుకుంది. పోర్టోరికో మొత్తం తిరిగినా ఇలాంటిది దొరకదని వియ్యంకుడు ప్రమాణం చేశాడు. ప్రతి ఏడాదికన్నా ఈసారి ఎక్కువ కుదిరిందని, ఏం కలిపావో చెప్పి తీరాలని ఇవెలిస్ చెల్లెలి చెయ్యి పట్టుకుంది. రాదామెస్ రెండోసారి వడ్డించుకుని మూడోదానికి పళ్ళెం చాపాడు.

అవిల్డా అన్నం గిన్నెతో బల్ల చుట్టూ తిరుగుతోంది. రాదామెస్ ఆమె చేతిలోని గరిటె చూసి నవ్వాడు.

"అత్తా, వడ్డించడం వరకైతే ఫరవాలేదు," అన్నాడు, వియ్యాలవారి వైపు తిరుగుతూ. "ఈవిడ వండిన రోజు మా పిన్ని వాళ్ళ కుక్క కూడా పక్కింటికి భోజనానికి వెళ్ళేది. పిన్నే చెప్పేది."

అందరూ నవ్వారు. వియ్యాలవారు కూడా. అవిల్డా నవ్వినట్టు పెదాలు కదిలించి, అతని పళ్ళెంలో అన్నం పెట్టి, ముందుకు జరిగింది. ఆ గరిటె పట్టుకున్న వేళ్ళు ఇంకా జాఫ్రా రంగుతో ఎర్రగా ఉన్నాయి. ఆ మాట ఎనేయిదాదే. ఒకప్పుడు అన్నప్పుడు ఇంతకన్నా ఎక్కువ నవ్వారు.

"ఇది చేసింది అవిల్డా," అంది ఎనేయిదా.

"పిన్ని మరీ మంచిది," అన్నాడు రాదామెస్. ఇంకో విడత నవ్వు లేచింది.

"నవ్వులాటకి కాదు." ఆమె గొంతు పెద్దది చెయ్యలేదు. "నాకు వాసన పోయింది. మార్చిలో జ్వరం వచ్చినప్పట్నుంచీ. ఏం వండుతున్నానో నాకే తెలీదు. గురువారం వెల్లుల్లి మొత్తం మాడ్చేశాను. దినుసులు వేయించింది, పొడి కొట్టింది, మాంసానికి పట్టించింది, మనం చర్చిలో ఉంటే ఇక్కడ కూర్చుని కాల్చింది, అంతా అదే."

రేకులమీద వాన చప్పుడు పెద్దదైంది. విడాల్ భార్య వంక చూశాడు. పక్కింటి చెత్త గుర్తొచ్చిందేమో. అవిల్డా బల్ల చివర గిన్నె పట్టుకుని కదలకుండా నిలబడిపోయింది. ఆమె మొహంలో సంతోషం లేదు. భయం ఉంది.

ఇవెలిస్ ఫోర్కుతో ముక్కను కాసేపు అటూ ఇటూ తిప్పింది. నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలింది.

"అదీ సంగతి," అంది. "ఇందాకట్నుంచీ అనుకుంటూనే ఉన్నా. ఉప్పు ఎక్కువైంది."

వియ్యపురాలు మొహమాటంగా తల ఊపి, కొంచెం ఎక్కువే అయినట్టుందని ఒప్పుకుంది. రాదామెస్ తన పళ్ళెంలో మిగిలిన మూడో వడ్డనను అంచుకు నెట్టి, నీళ్ళు తాగాడు. ఇంత సేపూ మెచ్చుకున్న నోళ్ళన్నీ ఒక్కొక్కటిగా మెల్లగా మనసు మార్చుకోవడం ఎనేయిదా చూసింది. చూస్తూ, అవిల్డా వచ్చిన కొత్తలో వండిన ఆ అన్నం గుర్తొచ్చింది. ఆ రోజు అందులో నిజంగా తప్పేమైనా ఉందా అని ఆలోచించింది. ఎంత ఆలోచించినా దాని రుచి గుర్తురాలేదు. తాను పళ్ళెం పక్కకు నెట్టడం మాత్రమే గుర్తొచ్చింది.

ఒక ముక్క తీసుకుని నాలుకమీద పెట్టుకుంది. నమలకుండా కాసేపు అలాగే ఉంచుకుంది.

"పోయింది వాసన, అక్కా," అంది. "ఉప్పు తెలుస్తుంది నాకు. ఉప్పు, కారం, పులుపు, అవి పోలేదు. పొడిలో ఉప్పు వేసింది కూడా నేనే. సరిగ్గా ఉంది."

ఇవెలిస్ ఫోర్కు కింద పెట్టింది.  అప్పుడు విడాల్ తన పళ్ళెం ఎత్తి, బల్ల మీదుగా అవిల్డా వైపు చాపాడు. "అమ్మాయ్, ఆ ఎముక పక్కది వేయి," అన్నాడు. అవిల్డా ఒక క్షణం తర్వాత కదిలి, గిన్నె కింద పెట్టి, కత్తి తీసుకుంది.

చీకటి పడకముందే అందరూ బయల్దేరారు. కొండదారిలో వానకు మట్టి జారుతుందని భయం. సీసాలు వంటింటి బల్లమీద వరసగా ఉన్నాయి. ఇవెలిస్ ఎప్పటిలాగే సంచీ తెరిచి నిలబడింది. ఎనేయిదా చేతులు కట్టుకుని, సీసాలు అవిల్డావని, ఎవరికివ్వాలో ఆమెనే అడగమని చెప్పింది.

అవిల్డా తడిచేతులు గౌనుకు తుడుచుకుంది. వియ్యపురాలికి ఒక సీసా ఇచ్చింది. రాదామెస్ భార్యకు, పాప నెత్తి నిమిరి, ఇంకోటి ఇచ్చింది. ఇవెలిస్ దగ్గరకొచ్చేసరికి సీసా చేతిలోకి తీసుకుని, మళ్ళీ బల్లమీద పెట్టింది.

"మీకు ఉప్పు ఎక్కువైందన్నారుగా, పెద్దవదినా," అంది మెత్తగా. "ఇది మీరు తినలేరు. మీకు వేరేగా చేసిపెడతాను. ఎంత ఉప్పు వెయ్యాలో మీరే చెబుదురుగాని, వీలు చూసుకుని ఒకసారి రండి."

ఇవెలిస్ చెల్లెలి వంక చూసింది. ఎనేయిదా కిటికీలోంచి వాన చూస్తోంది. కాసేపటికి సంచీ మూసిన చప్పుడైంది, ఆ తర్వాత కారు తలుపు గట్టిగా పడింది.

ఇద్దరే మిగిలాక కూడా వంటింట్లో తేలికేమీ రాలేదు. అవిల్డా గిన్నెలన్నీ కడిగింది. తర్వాత, తనను అడక్కుండా అందరిముందూ చెప్పెయ్యడం ఏం బాగుందని అడిగింది. ఇక నుంచి తాను ఏం వండినా నలుగురూ తప్పులే వెతుకుతారంది. ఎనేయిదా కాదనలేదు. వెతుకుతారని ఒప్పుకుంది. పక్కన నిలబడి, కడిగినవి ఒక్కొక్కటీ తుడిచింది.

సోమవారం మళ్ళీ వెల్లుల్లి. వియ్యపురాలి ద్వారా విన్న ఎవరో చర్చి వంటగదికి సీసా కావాలని అడిగి పంపారు. అవిల్డా వాము ఆకు కొమ్మలు దారానికి కట్టి నీడన వేలాడదీస్తోంది. ఎనేయిదా బల్ల దగ్గర కూర్చుని వెల్లుల్లి తరుగుతోంది. అవిల్డా వెళుతూ వెళుతూ ఆగి, ట్రేలోంచి ఒక ముక్క తీసి వెలుగుకేసి పట్టి చూసింది.

"మందంగా ఉన్నాయి వదినా. ఇలా ఐతే పైన ఆరి లోపల మెత్తగా ఉంటాయి. మళ్ళీ తరగండి."

ఎనేయిదా తలెత్తింది. ఈ వంటింట్లో తన పని ఇంతవరకు ఎవరూ తిప్పి ఇవ్వలేదు. మెడదాకా వేడెక్కింది. ముక్కల్ని పోగుచేసి పక్కన పెట్టి, ఇంకో పాయ విడదీసి, కత్తి ఇంకాస్త పడుకోబెట్టి మొదలుపెట్టింది.

హాల్లో ఫోను మోగింది. పనికి బయల్దేరుతున్న విడాల్ ఎత్తాడు. అవునని, ఉందని, సరేనని అని, ఫోను గుండెకు ఆనించి పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. ఎనేయిదా అలవాటుగా కత్తి కింద పెట్టి చెయ్యి చాపింది.

"నీకు కాదు," అన్నాడు విడాల్. "అవిల్డాకి. ఇవెలిస్."

అవిల్డా చేతిలో కొమ్మ అలాగే ఉంది. దారం ముడి వేసి, బిగించి, మేకుకు తగిలించింది. ఇంకో కొమ్మ అందుకుంది.

"పని చేసుకుంటున్నానని చెప్పండి," అంది. "అయ్యాక నేనే చేస్తాను."

విడాల్ ఇటు భార్యవంక చూశాడు. ఎనేయిదా చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "విన్నావుగా, చెప్పు," అంది, మళ్ళీ కత్తి అందుకుంటూ.